మోగిన రాయి

"అమ్మా, ఈ పొద్దుకు నాలుగు రోజులాయ. ఇంగ సాలు. ముందు వాకిట్లోంచి రా."

హరినాథ్ కొత్త ఇంటి హాల్లో నిలబడి కేక వేశాడు. వెనక మెట్లెక్కి వంటింట్లోకి వచ్చిన భారతమ్మ కాలిన అరికాళ్లను తడిగుడ్డ మీద ఆనించి, కొడుకు వైపు చూసింది. వైశాఖం ఎండ. వెనక మెట్లకు నీడ లేదు. చెప్పులు కిందే విడిచి, పద్దెనిమిది మెట్లూ ఉత్తకాళ్లతో ఎక్కి వచ్చిందామె.

"నా కాళ్లు కాల్తే కాలనీరా. ఆ రాయిని తొక్కేది మాత్రం నా వల్ల గాదు."

"ఇదో, నేను తొక్కతా ఉండా గదా. నాకేమన్నా అయ్యిందా?"

"నీకేం కాదులే. నీకు భయమూ లేదు, భక్తీ లేదు. దిగు ముందు, కిందికి దిగు!"

"యాడికి దిగేది? నేల మిందే ఉండా. ఇంగా కిందికి దిగాలంటే షాపులో పడాల."

స్రవంతి నవ్వు ఆపుకోలేక స్టవ్ వైపు తిరిగింది. అత్తగారు అది చూడనే చూసింది.

"నవ్వు మే, నవ్వు. బుధవారం గృహప్రవేశానికి దేవుడి పటం నువ్వే మోసుకోని రా. నేను పెరట్లో నిలబడి అక్షింతలేస్తా."

ఆ మాటతో స్రవంతి నవ్వు ఆగిపోయింది.

అసలు చిక్కు అక్కడే ఉంది. తిరుచానూరు రోడ్డులో కట్టుకున్న ఈ ఇంటికి కింద హరినాథ్ మందుల షాపు, పైన కాపురం. పైన దేవుడి గది హాల్లోకి తెరుచుకుంటుంది. ముందు వాకిలి నుంచి రావాలన్నా, వంటింటి నుంచి పోవాలన్నా హాలు దాటకుండా దేవుడి దగ్గరికి దారి లేదు. ఇంటికి పెద్ద ముత్తయిదువ భారతమ్మే. పటం చేత్తో పట్టుకుని, కుడికాలు ముందు పెట్టి గడప దాటవలసింది ఆమే. ఆమె దాటనంటోంది.

మొన్న ఆదివారం మునివెంకటప్ప తులసికోటను దింపి తన దారిన తాను పోయి ఉంటే ఇదంతా ఉండేది కాదు. హాల్లో పరచగా మిగిలిన పలక ఒకటి పెరట్లో రెండు కొయ్యల మీద పెట్టి ఉంది. డెబ్బై ఏళ్ల శిల్పి. రాయి కనబడితే ఆ చెయ్యి ఊరికే ఉండదు. ఉలి వెనక వైపుతో పలకను ఒకసారి తట్టాడు. పలక గంటలా మోగింది. ఆ మోత సన్నగా చాలాసేపు నిలిచి, ఎక్కడికో పోయినట్టు పోయింది. మునివెంకటప్ప చెప్పులు విడిచి రాయిని తాకి కళ్లకద్దుకున్నాడు.

"అమ్మా, ఇది విగ్రహానికి పనికొచ్చే రాయి. ఇట్లాంటిది దొరికి ఇరవై ఏండ్లాయ. మిగతాది యాడుండాది?"

"హాల్లో పరిచినాం" అన్న మాట భారతమ్మ నోటి నుంచే వచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకోలేకపోయింది.

అప్పటి నుంచి ఆమె హాల్లో అడుగు పెట్టలేదు. పొద్దున పక్కవీధి అద్దె ఇంటి నుంచి రావడం, వెనక మెట్లెక్కడం, వంటింటి గుమ్మంలో నిలబడి హాలుకు ఒక నమస్కారం పెట్టడం. సోమవారం నాడు అక్కడి నుంచే చెయ్యి చాచి అంచు రాయి మీద నాలుగు పూలు కూడా పెట్టింది. కరెంటు పనివాడు చూసుకోకుండా వాటి మీద నిచ్చెన పెట్టి తిట్లు తిన్నాడు.

"సరే మా. లేపేద్దాం" అన్నాడు హరినాథ్.

"ఏంది లేపేది?"

"రాళ్లు. మనుషుల్ని పెడితే రెండు రోజుల్లో ఊడదీస్తారు. టైల్స్ వేసుకుందాం. ఇప్పుడు యాడ చూసినా టైల్సే. మా స్నేహితుల ఇండ్లల్లో అద్దం మాదిరి మెరస్తా ఉంటాయి. ఏ శిల్పీ వచ్చి తట్టడు."

"లేపిన రాళ్లు ఏం జేస్తావు?"

"కింద షాపులో పరస్తా."

"అబ్బ! ఎంత తెలివిరా నీకు! నేను ఉత్తకాళ్లతో తొక్కనంటే, ఊళ్లోవాళ్లంతా చెప్పులతో తొక్కే తావ పరస్తాడంట!"

"షాపులో వద్దు" అంది స్రవంతి. "ఆడ గరుకు రాయి నేను అడిగి వేయించుకునిందే. వచ్చేవాళ్లందరూ జ్వరాలోళ్లు, మోకాళ్ల నొప్పులోళ్లు. నున్నటి రాయి వేస్తే వానాకాలంలో ఒక మందుకొచ్చినోళ్లు జారిపడి ఇంకో మందు కూడా కొనుక్కోని పోతారు."

"వ్యాపారానికి మంచిదే గదా" అన్నాడు హరినాథ్.

"గమ్మునుండరా" అన్నారు అత్తాకోడళ్లు ఒకేసారి. కోడలు తన నోట వచ్చిన 'రా'కు నాలుక కరుచుకుంది. భారతమ్మ విననట్టు ఊరుకుంది.

నిజానికి ఈ ఇంట్లో ఏ రాయీ పోట్లాట లేకుండా రాలేదు. వంటింటి అరుగుకు తెల్ల చలువరాయి వేయిద్దామని హరినాథ్ నమూనా ముక్క తెచ్చినప్పుడు భారతమ్మ ఏమీ అనలేదు. రాత్రి దాని మీద ఒక నిమ్మచెక్క పిండి, చిటికెడు పసుపు చల్లి పడుకుంది. తెల్లారి తుడిస్తే పసుపు పోలేదు. నిమ్మరసం పడిన చోట మెరుపు చచ్చిపోయింది. "పొద్దున లేస్తే చింతపండు, నిమ్మకాయ లేని ఇల్లా మనది? నెల తిరిగేలోగా మనం ఏమేం వండుకున్నామో ఈ రాయి ఊరందరికీ చెప్పేస్తాది" అంది. అరుగుకు నల్లరాయి వచ్చింది. ఇప్పుడు అటూ ఇటూ తిరిగినప్పుడల్లా ఆ అరుగును ఆవు వీపు నిమిరినట్టు నిమురుతుంది. పెరట్లో బట్టలుతికే చోట కడప బండ. మెట్లకు గరుకు రాయి. ఎక్కడి రాయి అక్కడ కుదురుకుంది. ఒక్క హాలుదే ఇంకా తేలలేదు.

ఆ హాలు మధ్య, రెండు కిటికీల గాలీ కలిసే చోట, మడత కుర్చీ వేసుకుని సుబ్రమణ్యం కూర్చుని ఉన్నాడు. మొహం కిటికీ వైపు. ఇంత గలాటా జరుగుతున్నా అటే చూస్తున్నాడు.

ఆ రాయి ఆయన ఎంచిందే. ముప్పై రెండేళ్లు గుళ్ల మరమ్మతుల పనుల్లో స్టోరు గుమాస్తాగా చేశాడు. శిల్పులు రాళ్లను తట్టి ఏరుకోవడం చూసీ చూసీ, తనకూ ఆ విద్య వచ్చని ఆయనకొక ధీమా. హాలుకు రాయి తెద్దామన్నప్పుడు "దుకాణాల్లో మెరుగు పెట్టింది చూసి మోసపోవద్దు. క్వారీకే పోయి దిమ్మెను తట్టి చూసి తెస్తా" అని కోడలిని తోడు తీసుకుని పలమనేరు అవతలికి వెళ్లాడు. సాయంత్రానికి పెళ్లిచూపులకు పోయి వచ్చిన వాడిలా తిరిగి వచ్చాడు. లేత బూడిదరంగు, లోపల సన్నటి నల్లచుక్కలు, తడిపితే మబ్బు పట్టినట్టుండే రాయి. ఆ దిమ్మె నుంచి కోసిన పలకలే హాలంతా.

"ఏమయ్యా! నువ్వొక మాట చెప్పరాదా?" అని వంటింట్లోంచి అడిగింది భారతమ్మ.

సుబ్రమణ్యం తల తిప్పలేదు.

"సూడు ఎట్ల కూర్చున్న్యాడో! తనంతటోడు లేడని గర్వం. పది తూర్లు పిలిస్తే ఒక తూరి పలికేది. నిన్నగాక మొన్న కుక్కరు ఆరు కూతలు కూసినా పక్కనే కూర్చోని పేపరు చదువుకుంటా ఉండాడు. పప్పంతా అడుగంటె."

స్రవంతి హాల్లోకి నడిచి, మామగారి ఎదుటికి వెళ్లి నిలబడింది. "మామా, అత్త పిలస్తా ఉండాది. రాయి గురించి ఏమన్నా చెప్పమని."

సుబ్రమణ్యం అప్పుడు తిరిగాడు. భార్య మొహం వైపు కాసేపు చూశాడు.

"నేను శిల్పుల్ని అడిగిన మాట నిజం. ఏది మంచి రాయప్పా అని అడిగినా. మోగేదే మంచి రాయి అన్న్యారు. దేనికి మంచిదని నేను అడగలా. నాదే తప్పు."

అంతే. మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

భారతమ్మకు తర్వాత అనవలసిన మాటలు నాలుగైదు నోటిదాకా వచ్చి ఉన్నాయి. తప్పు ఒప్పుకున్న మనిషిని ఏమనగలదు? వాటిని అలాగే మింగి, పాల గిన్నె కడగడం మొదలుపెట్టింది.

"సరే, రాళ్లు ఊడదీసేది ఎప్పుడో చెప్పండి. మనుషులకు చెప్పొస్తా" అన్నాడు హరినాథ్.

సుబ్రమణ్యం వీపు కదల్లేదు. కానీ కుర్చీ పక్కన వేలాడుతున్న ఆయన చెయ్యి కిందికి జారి, రాయిని ఒకసారి తాకి వచ్చింది. అది స్రవంతి చూసింది. భారతమ్మ కూడా చూసింది.

"శుక్రవారం పోనీరా. చెప్తా" అంది భారతమ్మ.

* * *

శుక్రవారం నాడు అత్తాకోడళ్లు బస్సెక్కి ఊరికి వెళ్లారు. ఏర్పేడు అవతల, సుబ్రమణ్యం వాళ్ల ఊరు. మొదటి శుభలేఖ ఊరి పెరుమాళ్ల పాదాల దగ్గర పెట్టాక కానీ మనుషులకు పంచకూడదు. శుభలేఖలు వచ్చి పది రోజులైనా భారతమ్మకు ఇప్పుడే తీరింది. తీరిందనడం కంటే, అడగవలసిన మాట ఒకటి ఉండబట్టి బయలుదేరిందనడం సరి.

శుభలేఖ పెట్టింది. తీర్థం తీసుకుంది. కళ్లు మూసుకుని అడగవలసింది అడిగింది. స్వామి ఎప్పటిలాగే నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఆయన కూడా రాయే. ఆయనను చెక్కగా మిగిలిన చెక్కులు ఏమై ఉంటాయి? ఏ గోడలోనో, ఏ మెట్టు కిందనో పడి ఉండవా? వాటి మీద ఎవరూ నడవలేదా? ఈ ఆలోచన గుళ్లో నిలబడి చేయవచ్చో లేదో తెలియక భారతమ్మ లెంపలేసుకుంది.

బయటికి వస్తుంటే ధ్వజస్తంభం ముందు గుడి ఊడ్చే కుప్పమ్మ బిందెతో నీళ్లు పోసి నేల కడుగుతోంది. నీళ్లు పారిన చోట పాతరాయి మీద ఒక బొమ్మ తేలింది. సాష్టాంగపడిన మగమనిషి, తల మీదుగా జోడించిన చేతులు. పక్కన మోకరిల్లిన ఆడమనిషి. ముక్కూ మొహం అరిగిపోయి, ఆకారాలు మాత్రం మిగిలాయి. భారతమ్మ కొత్తకోడలుగా వచ్చిన నాటి నుంచి ఆ రాయి మీదుగా ఎన్నిసార్లు నడిచిందో లెక్కలేదు.

"కుప్పమ్మా, ఇది ఎవురి బొమ్మ మే?"

"ఎవురికి తెలుసక్కా? పేరు కూడా అరిగిపాయ. ఈ నేలకు రాయి తెచ్చి పరిపించినోళ్లని మా అత్త చెప్పేది. మా బొమ్మలు ఈడ పరండబెట్టండి, వచ్చే భక్తుల కాళ్లు మా మింద పడనీ అన్న్యారంట. అడిగి మరీ తొక్కిచ్చుకున్న్యారు మారాజులు."

"తొక్కేది తప్పు కాదా?"

"తొక్కకపోతే తప్పు" అంది కుప్పమ్మ, బిందె దింపి. "పాపం, దాని కోసమే గదా ఆడ పడుకోనుండేది! నేను కడిగినప్పుడల్లా ఒక కాలు ఆనిచ్చి పోతా. లేకపోతే ఏమే, ఈ పొద్దు రాలేదే అని అనుకోరా?"

స్రవంతి పకపకా నవ్వింది. భారతమ్మ నవ్వలేదు. ఆ తడిరాయినే చూస్తూ నిలబడింది. తర్వాత కుడికాలు ఎత్తి, అరిగిపోయిన ఆ మనిషి వీపు మీద మెల్లగా ఆనించింది. రాయి చల్లగా ఉంది.

తిరుగు బస్సులో ఆమె మొహం విప్పారి ఉంది. కిటికీ పక్క సీటు కోడలికిచ్చి తాను ఇవతల కూర్చుంది. అటువంటిది ఎప్పుడో కానీ జరగదు.

"స్రవంతీ, ఆ మిగిలిన పలక ఊరికే పడి ఉండాది గదా. గడప దాటగానే ఉండే రాయి తీసి, దాని తావున ఆ పలక వేద్దాం. దాని మింద మీ మామ బొమ్మ చెక్కిద్దాం. సాష్టాంగం పడినట్టు. రాయి తెచ్చినాయన ఆయనే గదా."

"మామ బొమ్మా?"

"ఊ. వచ్చే పోయే వాళ్లంతా ఆయన్ని తొక్కి రానీ. నిలువెత్తు గర్వం రవంత దిగుతాది" అంది భారతమ్మ. అని, తనలో తాను నవ్వుకుంది. "ఇంట్లో మొదటి కాలు నాదే పడాల."

స్రవంతి ఏదో చెప్పబోయింది. "అత్తా, ఆ రాయి..."

"ఏంది?"

"ఏం లేదత్తా. మామను అడిగి చేస్తే మంచిది."

"అడిగితే పలికే మనిషైతే గదా" అంది భారతమ్మ.

* * *

శనివారం పొద్దున్నే మునివెంకటప్ప వచ్చాడు. ఎర్రమన్ను జాజు కలిపిన చిప్ప, రాయి మీద గీత కొట్టేందుకు అందులో ముంచిన నూలుదారం, ఉలిసంచి. పలకను ముందే ఇద్దరు మనుషులు పైకి మోసుకొచ్చి, గడపకు లోపలి వైపు గోనెల మీద పడుకోబెట్టారు. భారతమ్మ ఈసారి ముందు మెట్లెక్కి వచ్చింది. గడప బయటే నిలబడింది.

"కొలత తీసుకో మునివెంకటప్పా. మనిషి హాల్లోనే ఉండాడు."

సుబ్రమణ్యం మడత కుర్చీని వాకిలి వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఏం జరుగుతోందో హరినాథ్ వచ్చి చెప్పిపోయాడు. అవుననలేదు, కాదనలేదు. అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

మునివెంకటప్ప ఒక కన్ను మూసి సుబ్రమణ్యాన్ని అంచనా వేశాడు.

"గుమాస్తా సామిని సాష్టాంగం పెట్టేది కష్టమమ్మా. బోర్లా పడుకుంటే బొజ్జ ఒకటే నేలకానతాది. తలా కాళ్లూ పైకి లేస్తాయి."

"బొజ్జ చెక్కేసెయ్. నా వల్ల కాలేదు, నీ ఉలి వల్లన్నా తగ్గనీ."

వంటింటి గుమ్మంలో మజ్జిగ గ్లాసుల పళ్లెంతో నిలబడిన స్రవంతి నవ్వింది. హరినాథ్ అయితే గోడకానుకుని నవ్వాడు. సుబ్రమణ్యం కూడా నవ్వాడు. కానీ ఆయన నవ్వు అందరి నవ్వూ మొదలయ్యాక, వాళ్ల మొహాలు చూశాక వచ్చింది.

మునివెంకటప్ప గోనె మీద మోకాళ్లూని, దారం బిగించి పట్టుకున్నాడు. వెంటనే లాగలేదు.

"ఒక మాట అమ్మా. మా తాత చెప్పేవాడు. రాయి ఎంచి ఇచ్చినోళ్ల బొమ్మే నేలకు వేయాలంట. వేరే వాళ్లది వేస్తే అబద్ధమైతాది. గోడ మింద అబద్ధం సున్నం కొడితే పోతాది. రాయి మింద చెక్కితే పోదు. అందుకని అడగతా ఉండా. సామీ, ఈ రాయి ఎంచింది నువ్వే గదా?"

సుబ్రమణ్యం అతని పెదవుల వైపే చూస్తున్నాడు. అడిగింది చిన్న ప్రశ్న. అవునంటే దారం లాగేవాడు.

"నేను కాదప్పా" అన్నాడు.

హరినాథ్ గోడ నుంచి వీపు తీశాడు. "ఏంది నాయనా? నువ్వు గాక ఎవురు?"

"ఎనిమిది దిమ్మెలు కొట్టినా ఆ పొద్దు. సుత్తి నాదే. చెయ్యి నాదే. ఏది మోగిందో, ఏది మోగలేదో నాకు తెలీదు." ఆయన గొంతు మామూలుగానే ఉంది. ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పుకుపోయాడు. "కొట్టినప్పుడల్లా కోడలి మొగం చూసినా. మొదటి ఏడు దిమ్మెలకూ ఎట్లుండే మొగం అట్లే ఉండాది. ఎనిమిదో దిమ్మె కొడితే కండ్లు పెద్దవైనాయి. సరే, ఇదే అన్న్యా. ఆ పాప నోరు తెరిచి ఏమీ అన్లేదు. ఈ పొద్దు దాకా అన్లేదు."

స్రవంతి మజ్జిగ పళ్లెం గుమ్మం పక్కన దింపింది.

"గుడిగంట కొడితే తాడు ఊగేది కనబడతాది మునివెంకటప్పా. మోత రాదు. మాటలు ఎదురుగా ఉంటే తెలస్తాయి. సన్న మోతలు ఏవీ వినబడవు." ఆయన నవ్వాడు. "రాయి ఎంచిన చెవి నాది కాదు. నా బొమ్మ వద్దు."

చెప్పవలసింది చెప్పేశాక ఆయన కుర్చీలో అటు తిరిగి, ఎప్పటిలా కిటికీ వైపు చూశాడు.

మునివెంకటప్ప చేతిలోని దారం నుంచి ఒక ఎర్రచుక్క జారి రాయి మీద పడింది.

పది సార్లు పిలిస్తే ఒకసారి పలికే మనిషి. ఆరు కూతలకూ కదలని మనిషి. గుళ్లో హారతి వేళ గంట వైపు అలా కళ్లార్పకుండా చూస్తూ నిలబడే మనిషి. అది భక్తి అనుకుంది తాను. మిగతాదంతా గర్వం అనుకుంది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది భారతమ్మ, గడప బయటి నుంచే.

సుబ్రమణ్యం వీపు కదల్లేదు.

"ఏమయ్యా, ఎన్నాళ్ల నుంచి?"

కిటికీలోంచి వచ్చిన గాలికి ఆయన కండువా అంచు ఊగింది. అంతే.

భారతమ్మ గడప దాటింది. మునివెంకటప్ప చప్పున పక్కకు జరిగాడు. ఆమె జాజు చిప్పను చూసుకోలేదు, పలకను చూసుకోలేదు. విసవిసా నడిచి వెళ్లి కుర్చీ చుట్టూ తిరిగి, భర్త ఎదుట నిలబడింది. నడుం వంచి ఆయన కళ్లకు ఎదురుగా తన మొహం పెట్టింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేండ్లయి ఉంటాది."

"నాకేంటికి చెప్పలేదు?"

"చెప్తే నువ్వు గట్టిగా మాట్లాడేది మొదలుపెడతావు. వీధంతా వింటాది."

"ఇప్పుడు మాత్రం మెల్లిగా మాట్లాడతా ఉండానా?"

"ఇప్పుడు తిట్టేవి సగమే వినబడతాయి. హాయిగా ఉండాది" అన్నాడు సుబ్రమణ్యం.

భారతమ్మకు నవ్వు వచ్చింది. నవ్వు వెనక ఇంకేదో వచ్చింది. పైట చెంగుతో ముక్కు తుడుచుకుని, ఆయన భుజం మీది కండువా సరిచేసి, ఆ చెయ్యి అక్కడే ఉంచింది.

"ఊళ్లోనే చెవుల డాక్టరు ఉండాడు. బుధవారం కాగానే పోతా ఉండాం. గమ్మున రావాల."

"వస్తాలే."

అప్పుడు ఆమె కోడలి వైపు తిరిగింది. "నీకు తెలుసు. క్వారీ కాడ్నించే తెలుసు నీకు. నేను ఆయన్ని అనరాని మాటలన్నీ అంటా ఉంటే వింటా ఉండావు. నిన్న బస్సులో చెప్పబోయింది ఇదేనా మే?"

స్రవంతి చూపు అత్తగారి మొహం మీద లేదు. కిందికి ఉంది.

హరినాథ్ కూడా అక్కడే చూస్తున్నాడు. మునివెంకటప్ప కూడా.

భారతమ్మ వాళ్ల చూపుల వెంట కిందికి చూసుకుంది.

హాలు మధ్యలో ఉంది తను. మబ్బు రంగు రాయి మీద తన రెండు కాళ్లు. గడప నుంచి ఇక్కడి దాకా, చిప్పలో నుంచి ఒలికిన జాజు తొక్కి వచ్చినట్టుంది, ఎర్రటి కుడిపాదం ముద్రలు ఒకటి విడిచి ఒకటి. నాలుగు రోజులుగా వెనక మెట్ల మీద కాలిన అరికాళ్లకు రాయి చల్లగా తగులుతోంది.

"అమ్మా" అన్నాడు మునివెంకటప్ప, దారం చేత్తో పట్టుకునే. "బొమ్మ ఎవురిది వేయమంటావు?"

భారతమ్మ వెనక్కి, గడప వైపు చూసింది. ఎనిమిది అడుగులు ఉంటుంది. వంటింటి గుమ్మం కూడా అంతే దూరం. ఎటు పోవాలన్నా తొక్కవలసిందే.

దేవుడి గదికి మాత్రం మూడే అడుగులు.